అమ్మనడిగి ఆ కత్తెర తెచ్చుకో

ప్రశ్న: నమస్తే అక్కా. మాది చీరాల. నాకు 28 ఏళ్లు. బీటెక్ అయ్యాక అమెరికా వచ్చి ఎంఎస్ చేశాను, చదువయ్యాక కొన్నాళ్లు పని చేసుకోనిచ్చే ఓపీటీ అయిపోయి కిందటేడు హెచ్-1బీ ఉద్యోగ వీసా వచ్చింది, న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉంటూ డేటా ఉద్యోగం చేస్తున్నా. చిన్నప్పట్నుంచీ డిజైనింగ్ అంటే పిచ్చి. నాన్న "ముందు చదువు కానీ, తర్వాత చూద్దాం" అన్నారు, ఆ తర్వాత ఇంతదాకా వచ్చింది. మిషెల్ ఒబామాకి డ్రెస్సులు చేసిన బిభు మహాపాత్ర కూడా మనలాగే మాస్టర్స్ చదవడానికి వచ్చినవాడేనని తెలిశాక నిద్ర పట్టడం లేదు. ఉద్యోగం మానేసి న్యూయార్క్‌లో ఫ్యాషన్ కోర్సులో చేరిపోదామనుకుంటున్నా. కలంకారీతో గౌన్లు, కోట్లు చేసి సొంత లేబుల్ పెట్టాలని ఉంది. స్కెచ్‌లు రెండు వందల దాకా వేశాను, కుట్టడం మాత్రం పెద్దగా రాదు. ఇంకో విషయం. మా అమ్మ ఇరవై ఏళ్లుగా ఇంట్లోనే జాకెట్లు కుడుతోంది. అప్లికేషన్‌లో ఆ సంగతి రాయడానికి మనసొప్పలేదు, "హోమ్‌మేకర్" అని పెట్టాను. ఇంట్లో ఎవరికీ ఇంకా చెప్పలేదు. ఏం చెయ్యమంటారు?

జవాబు: ఉద్యోగం మానకు. కనీసం ఈ ఏడాది మానకు. ఇది వినగానే "ఈవిడ కూడా మా నాన్నలాగే మాట్లాడుతోంది" అనుకుంటావని తెలుసు, కాస్త ఓపిక పట్టి మొత్తం చదువు.

ముందు కాగితాల సంగతి చూద్దాం, ఎందుకంటే ఈ దేశంలో పరాయి ఊరి నుంచి వచ్చినవాళ్ల కథలన్నీ అక్కడే మలుపు తిరుగుతాయి. నువ్వు ఎంఎస్ మీద ఓపీటీ వాడేసుకున్నావు. ఓపీటీ ఒక్కో చదువు స్థాయికి ఒక్కసారే ఇస్తారు, మళ్లీ కావాలంటే అంతకంటే పై స్థాయి చదువు చదవాలి. ఎంఎస్ చేసిన పిల్ల మళ్లీ వెళ్లి ఫ్యాషన్‌లో అసోసియేట్ డిగ్రీయో ఇంకో మాస్టర్సో చేస్తే, కోర్సు పూర్తయిన రోజున సర్టిఫికెట్టు చేతికొస్తుంది గానీ పనిచేసే అనుమతి రాదు. అడ్మిషన్ ఇచ్చే కాలేజీ ఈ మాట నీకు పిలిచి చెప్పదు, నువ్వే అడగాలి. ఉన్న హెచ్-1బీ వదిలేసి, ఫీజు కట్టి, చివర్న పని చెయ్యలేని చోట నిలబడటం అంటే ఏమిటో ఒకసారి ఊహించుకో. నీ కాగితాలు మొత్తం పట్టుకుని ఒక ఇమిగ్రేషన్ లాయర్‌ దగ్గర అరగంట కూర్చో. ఆ కన్సల్టేషన్ ఫీజు గురించి మాత్రం పీనాసితనం చెయ్యకు.

అదే హెచ్-1బీ మీద ఉంటూ సాయంత్రాలు చదువుకోవచ్చు, దానికేమీ అడ్డు లేదు. ఎడిసన్‌లో రైలెక్కితే పెన్ స్టేషన్, అక్కణ్ణుంచి ఏడో అవెన్యూ మీద కిందికి నడుచుకుంటూ వెళ్తే 27వ వీధిలో ఫ్యాషన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ. అందరూ ఎఫ్ఐటీ అంటారు. 1944లో పెట్టిన ప్రభుత్వ కాలేజీ, న్యూయార్క్ రాష్ట్ర యూనివర్సిటీలో భాగం. అక్కడ సాయంత్రం, శనాదివారాల క్లాసులుంటాయి. నువ్వు మోజుపడే ఇలస్ట్రేషన్ క్లాసు జోలికి పోకు, ప్యాటర్న్ మేకింగ్ (కొలతల ప్రకారం ముక్కలు కాగితం మీద గీసి కొయ్యడం), డ్రేపింగ్ (బొమ్మ మీద బట్ట పరిచి ఆకారం తేవడం), కుట్టు, ఈ మూడిట్లో చేరు. ఇంకో హెచ్చరిక కూడా ఇప్పుడే చెప్పేస్తా, తర్వాత మర్చిపోతాను. నేర్చుకుంటున్నావని తెలిస్తే అపార్ట్‌మెంట్లో ఆంటీలు జాకెట్లు పట్టుకుని దిగుతారు. ఊరికే కుట్టిపెట్టు, లేదా కుట్టకు. డబ్బు మాత్రం తీసుకోవద్దు. హెచ్-1బీ మీద ఉండి నీ కంపెనీ కాని చోట సంపాదించే యాభై డాలర్లయినా అనుమతి లేని పనే అవుతుంది, రేపు గ్రీన్‌కార్డు దగ్గర ఆ యాభై డాలర్లు నీ మెడకి చుట్టుకుంటాయి.

ఇక నీకు నిద్ర లేకుండా చేసిన బిభు మహాపాత్ర. ఆయనది ఒడిశాలోని రూర్కెలా. 1996లో యూటా స్టేట్ యూనివర్సిటీకి ఎకనామిక్స్ మాస్టర్స్ చదవడానికి వచ్చాడు, అంతవరకు నువ్వు చదివింది నిజమే. తర్వాత న్యూయార్క్ చేరి ఎఫ్ఐటీలో చదివాడు, హాల్‌స్టన్ అనే ఫ్యాషన్ సంస్థలో అసిస్టెంటుగా చేశాడు, ఆపైన జె. మెండెల్ అని బొచ్చుకోట్లకి పేరుపడ్డ సంస్థలో తొమ్మిదేళ్లు ఉన్నాడు. సొంత పేరుతో మొదటి కలెక్షన్ చూపించింది 2009 ఫిబ్రవరిలో, అదీ అమెరికాలో ఆర్థికమాంద్యం మంచి ఊపులో ఉన్నప్పుడు. అంటే విమానం దిగిన పదమూడేళ్లకి! 2012లో జే లెనో టీవీ షోలో మిషెల్ ఒబామా ఆయన డ్రెస్ వేసుకుంది. 2015 జనవరిలో రిపబ్లిక్ డేకి ఒబామా దంపతులు ఢిల్లీలో విమానం దిగినప్పుడు ఆవిడ ఒంటిమీద ఉన్న పూల డ్రెస్ కూడా ఈయనదే, ఆ రోజు మన టీవీలన్నీ ఊదరగొట్టాయి, నీకు గుర్తుండే ఉంటుంది. ఆ ఫోటో వచ్చిన రెండేళ్లకి, 2017 జనవరిలో, ఆయన కంపెనీ అప్పుల నుంచి రక్షణ కోరుతూ కోర్టులో చాప్టర్ 11 దివాలా పిటిషన్ వేసింది. ఈ ముక్క నువ్వు చదివిన వ్యాసంలో లేదనుకుంటా. ఆయన దాన్నుంచి బయటపడి మళ్లీ పని చేసుకుంటున్నాడు. దాన్ని నేను ఓటమి అనను. నువ్వు చూసిన ఆ ఒక్క డ్రెస్సుకి ముందూ వెనకా ఎంత ఉందో తెలియాలని చెప్తున్నా.

అంత పేరొచ్చినా డబ్బెందుకు ఉండదు అంటావేమో. ఈ వ్యాపారంలో డబ్బు తిరిగే తీరే అంత. ఫిబ్రవరిలో షో చేస్తే షాపులవాళ్లు చూసి ఆర్డరిస్తారు. బట్ట, లైనింగు, జిప్పులు ముందే కొనాలి, కుట్టేవాళ్లకి వారంవారం ఇవ్వాలి. సరుకు షాపుకి చేరేది జులై, ఆగస్టులో. షాపువాళ్లు బిల్లు చెల్లించేది ఆపైన నెలకో రెండు నెలలకో. అమ్ముడుపోనిదాన్ని డిస్కౌంట్‌లో పెట్టి ఆ నష్టంలో వాటా నీ బిల్లులోంచి కోసే పెద్ద షాపులూ ఉన్నాయి. ఈలోపు సెప్టెంబర్‌లో తర్వాతి షో, దానికి మళ్లీ బట్ట. ఆర్డర్లు ఎంత పెరిగితే అప్పు అంత పెరుగుతుంది. మన ఊళ్లో పంట చేతికి రాకముందే పెట్టుబడి వడ్డీకి తెచ్చే రైతు లెక్క ఉంటుంది చూడు, అచ్చం అదే. కలంకారీ గౌన్ల లేబుల్ అన్నావు కదా, మొదటి ఇరవై గౌన్లకి ఈ లెక్క కాగితం మీద వేసి చూసుకో. డేటా చూసే పిల్లవి, ఎక్సెల్ నీకొచ్చు, చాలామంది డిజైనర్లకి అదీ రాదు.

ఇప్పుడు నేను నిజంగా చెప్పాలనుకున్న మనిషి గురించి. అజ్జెదిన్ అలాయియా పేరు విన్నావా? ట్యునీషియావాడు, గోధుమలు పండించే కుటుంబం. వాళ్ల ఊరి మంత్రసానికి ఈ పిల్లాడంటే ఇష్టం, పుస్తకాలిచ్చేది, బొమ్మలు చూపించేది, ఆవిడే వయసు ఎక్కువ చెప్పి ట్యునిస్‌లో శిల్పకళ నేర్పే కాలేజీలో చేర్పించింది. శిల్పిని కాలేనని అతనికి త్వరగానే తెలిసిపోయింది. ఖర్చులకోసం ఒక కుట్టుపనావిడ దగ్గర బట్టల అంచులు మడిచి కుట్టే పని ఒప్పుకున్నాడు. ఆ కుట్టు కూడా అతనికి రాదు, తోబుట్టువు హఫీదా సన్యాసినుల దగ్గర నేర్చుకుని ఉంటే ఆమె దగ్గర నేర్చుకున్నాడు. అదమ్మా అతని ఫ్యాషన్ స్కూలు.

1956 ప్రాంతంలో ప్యారిస్ వెళ్లాడు. క్రిస్టియన్ డియోర్ దగ్గర ఉద్యోగం! అయిదు రోజులు చేశాడు. అల్జీరియా యుద్ధం నడుస్తున్న రోజులు, ఉత్తర ఆఫ్రికా మొహం, కాగితాలు సరిగా లేవు, పొమ్మన్నారు. నీ హెచ్-1బీ టెన్షన్ కొత్తదేం కాదు. తర్వాత ఏం చేశాడో తెలుసా, ఒక జమీందారిణిలాంటావిడ ఇంట్లో పిల్లల్ని చూసుకుంటూ ఆవిడకి బట్టలు కుట్టిపెట్టాడు, ఏళ్ల తరబడి. ఆవిడ బట్టలు చూసి ఆవిడ స్నేహితురాళ్లు అడిగారు, వాళ్లని చూసి ఇంకొకళ్లు. అలా ఒకరి నోటి నుంచి ఇంకొకరికి తెలిసి, బెల్‌షాస్ వీధిలోని చిన్న ఫ్లాటుకి గ్రేటా గార్బో కూడా వచ్చి బట్టలు కుట్టించుకునేంత వరకూ వెళ్లింది. సొంతంగా రెడీమేడ్ కలెక్షన్ తీసింది 1980 ప్రాంతంలో, నలభై అయిదేళ్లు మీద పడ్డాక. 2017లో చనిపోయేదాకా ప్యాటర్న్లు తనే కోసుకున్నాడు. పేరొచ్చాక కూడా ఫ్యాషన్ వీక్ తేదీలు పట్టించుకోలేదు, బట్టలు పూర్తయ్యాకే చూపించేవాడు, వంటింటి బల్ల దగ్గర తన దగ్గర పనిచేసేవాళ్లనీ, వచ్చిన పెద్ద పెద్ద వాళ్లనీ కలిపి కూర్చోబెట్టి భోజనం పెట్టేవాడు.

అతన్ని లోకం గుర్తుపెట్టుకుంది ఒంటిని పట్టుకుని ఉండే ఆ కట్‌ని చూసి. ట్యునీషియా ముగ్గు ఎక్కడుందని ఎవరూ అడగలేదు. నీ కలంకారీ గౌన్ల దగ్గర నాకు వచ్చిన అనుమానం ఇదే. కలంకారీ బట్టని గౌనుగా కుట్టేసరికి అది నీ డిజైన్ అయిపోదు, ఆ బట్ట మీద పనంతా పెడనలోనో శ్రీకాళహస్తిలోనో ఇంకెవరో చేసేశారు. నువ్వు చేసిందేమిటి మరి? అమెరికాలో మన సంఘాల పండగల్లో ఇలాంటి గౌన్లు ప్రతి ఏడాదీ కనిపిస్తాయి, సగం వాటికి భుజం దగ్గర ముడత. బట్ట అందంగా ఉంది కాబట్టి ఎవరూ పైకి అనరు.

ఢిల్లీ నుంచి లండన్ వెళ్లిన ఆశిష్ గుప్తా అని ఒకడున్నాడు, చదువయ్యాక ప్యారిస్‌లో ఉద్యోగం వెతుక్కోవడానికి వెళ్తే రైల్వే స్టేషన్‌లో పోర్ట్‌ఫోలియో కొట్టేశారు. ఇంక చేసేది లేక సొంతంగా మొదలెట్టాడు. ఇండియావాళ్లంటే తళుకులు అనుకుంటారు కదా, అతను ఆ తళుకుల్నే తీసుకుని ట్రాక్‌ప్యాంట్లు, టీషర్టుల మీద కుట్టించాడు, కుట్టేది ఢిల్లీలో. బ్రెగ్జిట్ ఓటింగ్ జరిగిన 2016లో షో చివర "ఇమిగ్రెంట్" అని రాసున్న టీషర్ట్ వేసుకుని బయటికొచ్చాడు. ముంబైలో తరాలుగా ఎంబ్రాయిడరీ చేయించే కుటుంబంలోంచి వచ్చిన నయీమ్ ఖాన్ సంగతీ అంతే, న్యూయార్క్‌లో హాల్‌స్టన్ దగ్గర కుర్రాడిగా చేరి, 2003లో గానీ సొంత లేబుల్ పెట్టలేదు. 2009లో మన్మోహన్ సింగ్‌కి వైట్‌హౌస్‌లో ఇచ్చిన విందులో మిషెల్ ఒబామా వేసుకున్న వెండి మెరుపుల గౌను ఆయనదే. ఇంట్లోవాళ్ల పని ఆయన ఎక్కడా దాచలేదు, దాని మీదే నిలబడ్డాడు.

అందుకే నీ ఉత్తరంలో నాకు నచ్చని ముక్క దగ్గరకి వస్తున్నా. "హోమ్‌మేకర్".

నా సంగతి చెప్తా విను. నేను న్యూయార్క్‌లో గార్మెంట్ డిస్ట్రిక్ట్‌లో పదకొండేళ్లు శాంపిల్ రూముల్లో పనిచేశాను, డిజైనర్ గీసిన బొమ్మకి మొట్టమొదటి పీసు కుట్టే గదులవి. హైదరాబాద్‌లో డిగ్రీ చేసి, పోర్ట్‌ఫోలియో చంకన పెట్టుకుని వెళ్లానన్నమాట. మొదట చేరిన చిన్న లేబుల్‌వాళ్లు "స్పాన్సర్ చేస్తాం" అంటూ నాలుగు నెలలు ఊరికే చేయించుకుని ఒకరోజు తాళం పెట్టి పోయారు, అది వేరే ఏడుపు. రెండోచోట గది పెద్ద ఈక్వడార్ నుంచి వచ్చిన పెద్దావిడ. నా స్కెచ్‌బుక్ మూసి పక్కన పెట్టి, జారుడు పట్టుబట్ట రెండు ముక్కలిచ్చి "చెయ్యి ఎక్కించు" అంది. కుట్టాను. ఆవిడ వేలితో భుజం మీద ఇలా రాసి చూసి, ఏమీ అనకుండా బ్లేడుతో కుట్టు విప్పేసి మళ్లీ ఇచ్చింది. మళ్లీ కుట్టాను, మళ్లీ విప్పింది. మూడోసారికి నా చెమట బట్ట మీద పడుతోంది. చంక చుట్టుకొలత కంటే చేతి పైభాగం కొంచెం ఎక్కువ పొడవుంటుంది, ఆ ఎక్కువని ముడత కనపడకుండా లోపలికి సర్దాలి, బట్టని లాగకూడదు, మిషను పళ్ల మీద అదే సర్దుకునేలా వదలాలి. నాలుగేళ్ల చదువులో పరీక్షకి రాశాను దీన్ని. చేతికి రాలేదు.

ఆ రాత్రి రూముకొచ్చి తెనాలిలో మా మేనత్త కుట్టిన జాకెట్టు తిరగేసి చూశాను. చంక పైకి, బాగా చిన్నగా కోసింది. మనవాళ్లు అలాగే కోస్తారు. అలా కోస్తేనే చెయ్యెత్తి దండెం మీద బట్టలారేసినా జాకెట్టు పైకి లేవదు. రెడీమేడ్ చొక్కాలకి అందరికీ పట్టాలని చంక కిందికి, వెడల్పుగా కోస్తారు, అందుకే బస్సులో కమ్మీ పట్టుకుంటే చొక్కా మొత్తం లేస్తుంది. మంచి కోట్లు కుట్టే మాస్టర్లు గొప్పగా చెప్పుకునేది ఆ పైకి కోసిన చంక గురించే. మా అత్త అది ఎనభై సెంటీమీటర్ల బట్టలో, లైనింగుతో సహా, సాగని బట్టలో, ప్రతి ఒంటికీ వేరే కొలతతో చేసేది. ముందు వైపు గిన్నెలా ఒదిగే కటోరి, మెడకి క్రాస్‌లో కోసిన పట్టీ. మర్నాడు ఆ జాకెట్టు పట్టుకెళ్లి పెద్దావిడకి చూపించాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని లోపలి కుట్లు చాలాసేపు చూసి "ఇది ఎవరు కోశారు?" అంది. ఆ తర్వాతే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నేర్పడం మొదలెట్టింది.

మీ అమ్మ ఇరవై ఏళ్లుగా చేస్తున్నది అదే పని. ఎందరి ఒళ్లు చూసి ఉంటుందో లెక్కేసుకో. ఒక భుజం వాలినవాళ్లు, ఆపరేషనైనవాళ్లు, పాలిచ్చే తల్లులు, "కొంచెం లూజు పెట్టు వదినా" అని బిగుతే కోరుకునేవాళ్లు. ఆ అనుభవం కోసం ఎఫ్ఐటీలో ఎంత ఫీజు కడతానన్నా దొరకదు. నువ్వేమో ఆ మనిషిని ఒక్క మాటతో కొట్టేశావు. అక్కడ ఏడో అవెన్యూ మీద 39వ వీధి దగ్గర ఒక కంచు విగ్రహం ఉంది, తలకి చిన్న టోపీ పెట్టుకున్న యూదు ముసలాయన కుట్టుమిషను మీద వంగి కూర్చుని ఉంటాడు. జుడిత్ వెల్లర్ అనే ఆవిడ 1984లో చేసింది, వాళ్ల నాన్న బట్టలు కుట్టే పనివాడే. ఎఫ్ఐటీకి వెళ్లే రోజు పెన్ స్టేషన్ నుంచి ముందు అయిదారు వీధులు పైకి నడిచి అది చూసి, అప్పుడు కిందికి రా.

అప్లికేషన్ ఇంకా పంపి ఉండకపోతే ఆ మాట కొట్టేసి ఉన్నది రాయి. అది కాలేజీవాళ్లని మెప్పించడానికి కూడా కాదులే, నువ్వెలాగూ ఇప్పుడు ఆ కోర్సులో చేరడం లేదు. ఇంట్లో చెప్పడం సంగతంటావా, నాన్నకి ఇప్పుడే చెప్పాల్సినంత పెద్ద విషయమేమీ జరగలేదు, సాయంత్రం క్లాసుకి వెళ్తున్నావు, అంతే. అమ్మకి మాత్రం ఈ ఆదివారమే ఫోన్ చెయ్యి. సలహా అడగొద్దు, పని నేర్పమని అడుగు. వీడియో కాల్‌లో నీ కొలతలు నువ్వే తీసుకుని ఆమెకి చదువు, ఆమె చెప్తుంటే పాత కాటన్ దుప్పటి మీద సుద్దతో గీసి కొయ్యి. నాలుగైదు జాకెట్లు పాడుచేస్తావు. చెయ్యి. ఈసారి ఇండియా వెళ్లినప్పుడు చీరలూ పచ్చళ్లూ తగ్గించి ఆమె వాడే పెద్ద కత్తెర అడిగి తెచ్చుకో, చెక్‌ఇన్ సూట్‌కేసులో పెట్టు, హ్యాండ్‌బ్యాగులో పెడితే ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు.

రెండేళ్లు ఇలా గడిచాక కూడా రాత్రి పదకొండింటికి ఎఫ్ఐటీ నుంచి రైల్లో నిద్రపోతూ ఇంటికొచ్చి, పొద్దున్నే మళ్లీ మిషను దగ్గర కూర్చోవాలనిపిస్తే, అప్పుడు వీసా మార్గాల గురించి మాట్లాడుకుందాం. కళాకారుల కోసం ఓ-1 అని ఒకటుంది, దానికి నీ పని గురించి పత్రికల్లో వచ్చినవి, అవార్డులు, పేరున్న చోట చేసిన పని లాంటి రుజువులు బోలెడు కావాలి, స్కెచ్‌లు రెండు వందలున్నా రెండు వేలున్నా దానికి సరిపోవు. ఒకవేళ ఆర్నెల్లకే విసుగొచ్చి ఆ కత్తెర డ్రాయర్లో పడిందనుకో, అదీ తప్పేం కాదు, నీ ఉద్యోగం నీకుంది, కొత్త జాకెట్టు నీకు నువ్వే కుట్టుకుంటావు.

మొదటి జాకెట్టు అయ్యాక చెయ్యెత్తి నిలబడి పక్కనుంచి ఒక ఫోటో తీయించుకుని పంపు, చంక దగ్గర కుట్టు కనపడాలి. ముందునుంచి తీసి, చెయ్యి నడుమ్మీద పెట్టుకుని నవ్వుతున్న ఫోటో పంపావంటే నేను తిరిగి రాయను.